నెట్ రాలేదంటే ఎక్కడ ఆగినట్టు?

"నెట్ రావడంలా" అన్న మాట ఈనాడు మా విడవలూరు మండలంలో "వాన రావడంలా" అన్నంత మామూలుగా వినిపిస్తున్నది. రొయ్యల గుంటల గట్టు మీద వింటాము. పరీక్ష ఫీజు కట్టడానికి కూర్చున్న విద్యార్థి నోట వింటాము. అయితే ఈ మాటలో సమాచారం చాలా తక్కువ. వైద్యుడి దగ్గరకు పోయి "ఒంట్లో బాగాలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం మందు రాస్తాడు? అడాప్టరు చెడినా, గాజుతీగ విరిగినా, వైఫై గోడ దాటలేకపోయినా, కంప్యూటరు గడియారం తప్పినా మనం అనేది ఆ ఒక్క మాటే. వీటిలో ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు.

మా వీధిలో ఒకరింట్లో జరిగిన సంగతి చెబుతాను. ఆ ఇంటి అమ్మాయి ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకోవలసిన రోజుల్లో నెట్ ఆగింది. చూడడానికి వచ్చినాయన "పెట్టె పోయింది, కొత్తది కొనండి" అన్నాడు. వాళ్ల నాయన రెండు వేలు పెట్టి నెల్లూరు నుంచి కొత్త పెట్టె తెచ్చాడు. దానికీ నెట్ రాలేదు. తీరా చూస్తే పంచకు పైన తీగ ఎలుక కొరికి ఉంది. పాత పెట్టె మీద ఆ రెండు రోజులూ ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. దాని అర్థం అడిగినవారు లేరు. చివరికి ఆ అమ్మాయి బస్సెక్కి కోవూరు పోయి, ఆఖరు రోజు సాయంత్రం ఒక నెట్ సెంటరులో ఆప్షన్లు పెట్టుకుంది. ఏ కాలేజీ ముందు, ఏది వెనుక అని నిదానంగా ఆలోచించుకునే వ్యవధి ఆమెకు దొరకలేదు.

అందుకని ఈ వ్యాసంలో ఖరీదైన పరికరాలేవీ లేకుండా, పెట్టె మీది దీపాలు, కంప్యూటరులో ముందే ఉన్న ఒక చిన్న ఆజ్ఞ, వీలైతే ఒక మల్టీమీటరు, వీటితో లోపం ఏ భాగంలో ఉందో ఎట్లా తేల్చుకోవచ్చో రాయదలచాను. డిగ్రీ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం చదివినవారికి ఇందులో కొత్త సూత్రమంటూ ఏదీ ఉండదు.

ముందు దారి చూద్దాం. మన ఫోను లేక కంప్యూటరు నుంచి వైఫై ద్వారా (లేదా తీగ ద్వారా) రూటరుకు, అక్కడి నుంచి కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే ఓఎన్‌టీకి, దాని నుంచి ఇంటి బయటి గాజుతీగకు, స్తంభం మీది స్ప్లిట్టరుకు, ఆపైన కంపెనీవారి కేంద్రానికి, అక్కడి నుంచి లోకంలోకి. మన ఇళ్లలో రూటరు, ఓఎన్‌టీ సాధారణంగా ఒకే పెట్టెలో ఉంటాయి. ఊళ్లో అందరూ దాన్ని "మోడెం" అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ గాజుతీగ పల్లెలకు రావడానికి పెద్ద ఊపు ఇచ్చినది ఫైబర్‌నెట్ పథకం. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగడం, మొదట్లో నెలకు 149 రూపాయలకు కనెక్షను ఇవ్వడం అందులోని విశేషాలు. స్తంభాల మీద తీగ అంటే ఖర్చు తక్కువే. గాలివానకు, లారీ మీద ఎత్తుగా వేసిన వరిగడ్డి లోడుకు, కొమ్మలు నరికేవారి కత్తికి అందుబాటులో ఉండడం దానికి మరో వైపు.

ఇన్ని భాగాలున్న దారిలో ఎక్కడ మొదలుపెట్టాలి? సంగం దగ్గర పెన్న నీళ్లు కనిగిరి రిజర్వాయరుకు చేరి అక్కడి నుంచి కాలువల్లో మా వైపు పొలాలకు వస్తాయి. చివరి కయ్యకు నీళ్లు రాకపోతే మా నాయన సంగం దాకా పరుగెత్తడు. కయ్య దగ్గర నుంచి అడుగడుక్కీ చూసుకుంటూనూ పోడు. సగం దూరంలో ఉన్న తూము దగ్గరకు పోయి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే లోపం కింద, లేకుంటే పైన. మళ్లీ ఆ సగంలో సగం. ఎనిమిది భాగాల దారిలో ఇట్లా మూడుసార్లు చూస్తే తేలిపోతుంది. వరుసగా పోతే ఏడుసార్లు చూడవలసి రావచ్చు. కంప్యూటర్ సైన్సు మిత్రులు దీన్నే బైనరీ సెర్చ్ అని పుస్తకంలో చదువుకుంటారు.

మన దారిలో ఆ సగం దూరపు తూము ఇంట్లోని పెట్టె. దాని మీది దీపాలు రెండు వైపుల సంగతీ చెబుతాయి. పవర్ దీపం కరెంటుకు. పాన్ అన్న దీపం నిలకడగా పచ్చగా ఉంటే కేంద్రం మన పెట్టెను గుర్తుపట్టినట్టు. కొట్టుకుంటూ ఉంటే వెలుగు వస్తున్నది గాని గుర్తింపు పూర్తి కాలేదన్నమాట. లాస్ అన్న దీపం ఎర్రగా ఉంటే గాజుతీగలో వెలుగు రావడం లేదు, లేక చాలినంత రావడం లేదు. ఎర్రదీపం వెలిగినప్పుడు ఫోనులో వైఫై ఆపి మళ్లీ వేయడం, పాస్‌వర్డు మార్చడం, రూటరు కొనడం అన్నీ వృథా. లాస్ ఆరి, పాన్ నిలకడగా ఉంటే మాత్రం ముందుగా ఇంటి లోపలే వెతకాలి.

ఈ వెలుగు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోదగ్గది. గాజుతీగలో కాంతి బయటికి పోకుండా నిలిచేది సంపూర్ణాంతర పరావర్తనం వల్లనే. 1966లో చార్లెస్ కావో గాజును శుద్ధి చేస్తే కాంతిని దూరాలకు పంపవచ్చునని లెక్కకట్టి చూపాడు. ఆ కృషికి 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంటింటికీ వచ్చే జీపాన్ పద్ధతిలో కేంద్రం నుంచి మనవైపు 1490 నానోమీటర్ల కాంతి, మన నుంచి కేంద్రానికి 1310 నానోమీటర్ల కాంతి ఒకే తీగలో ఎదురెదురుగా పోతాయి. రెండూ పరారుణమే, కంటికి కనపడవు. కనపడదు గదా అని తీగ కొస కంటి దగ్గర పెట్టుకొని చూడకూడదు సుమా, ప్రమాదం.

ఎంత వెలుగు చేరాలి? దీన్ని డీబీఎం అనే లెక్కలో కొలుస్తారు. 1 మిల్లీవాటు అంటే 0 డీబీఎం. 10 డీబీ తగ్గితే పదోవంతు, 3 డీబీ తగ్గితే సగం. కేంద్రం +3 డీబీఎంతో పంపిందనుకుందాం. దారిలో ఒక తీగను 32 ఇళ్లకు పంచే స్ప్లిట్టరు ఉంది. 32 భాగాలు చేస్తే లెక్క ప్రకారం 15 డీబీ పోవాలి (32 సంవర్గమానాన్ని 10తో గుణించి చూడండి). పరికరం లోపల నష్టంతో కలిపి సుమారు 17 పోతుంది. 6 కిలోమీటర్ల తీగకు ఒకటిన్నర, అతుకులకు, పిన్నులకు మరో ఒకటిన్నర. మొత్తం 20 పోగా మన ఇంటికి చేరేది -17 డీబీఎం, అనగా 20 మైక్రోవాట్లు. మామూలు పెట్టె -27 దాకా తట్టుకుంటుంది. చేతిలో ఇంకా 10 డీబీ మిగులు ఉన్నదన్నమాట. చాలా పెట్టెల్లో బ్రౌజరులో 192.168.1.1 అని కొట్టి లోపలికి పోతే (కొన్నింటికి ఈ అంకె వేరు, పెట్టె అడుగున రాసి ఉంటుంది) ఆప్టికల్ పవర్ అన్న చోట ఈ సంఖ్య కనపడుతుంది. బాగున్న రోజున దాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. తర్వాత ఒకరోజు అది -17 నుంచి -26కు దిగిందంటే దీపం ఇంకా ఎర్రబడకపోయినా తీగకు ఏదో అయిందని తెలుస్తుంది.

ఆ మిగులును ఎక్కువగా తినేసేది వంపు. తీగను బిగువుగా వంచితే ఆ చోట కాంతి సందిగ్ధ కోణానికి లోపలి కోణంలో గోడను తాకి బయటికి కారిపోతుంది. మా మేనత్త ఇంట్లో ఇదే జరిగింది. "తలుపేస్తే చాలు, నెట్ పోతా ఉందిరా అబ్బయ్యా" అంటే అందరూ నవ్వారు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తీగ వాకిలి గడప పక్కగా లోపలికి వచ్చి, ఒక మేకుకు రెండు చుట్లు చుట్టి ఉంది. తలుపు మూసినప్పుడల్లా ఆ చుట్టు నలిగి లాస్ దీపం ఎర్రబడేది, తెరిస్తే ఆరేది. మేకు తీసేసి, చుట్టును అన్నం పళ్లెమంత వెడల్పు చేసి గోడకు పెట్టాము. అంతటితో సరి. తీగకు ముడి వేయడం, కిటికీ ఊచకు బిగించి కట్టడం, బీరువా వెనక నొక్కడం మన ఇళ్లలో పరిపాటి. కరెంటు తీగకు చెల్లినవి గాజుతీగకు చెల్లవు. ధాన్యం బస్తాలున్న గదిలోంచి తీగ పోనివ్వవద్దు, ఎలుకలకు నల్లతొడుగు మహా ఇష్టం. ఇంకొక మాట: పిన్నుల్లో పచ్చరంగుది, నీలంరంగుది రెండు రకాలు. పచ్చదాని కొస ఏటవాలుగా కోసి ఉంటుంది. పచ్చదానికి నీలం దాన్ని తగిలిస్తే లోపల దూరుతుంది గాని వెలుగు చాలా నష్టమవుతుంది.

ఇక కరెంటు. అడాప్టరు మీద 12 వోల్టులని ఉంటుంది. అది ముసలిదైతే ఊరికే కొలిస్తే 12 చూపించి, పెట్టెకు తగిలించగానే 9కి పడిపోతుంది. మన ప్రయోగశాలలో ఘటం అంతర్నిరోధం ప్రయోగం ఇదే: లోపలి నిరోధం 3 ఓములు, ప్రవాహం 1 ఆంపియరు అయితే 3 వోల్టులు లోపలే ఖర్చు. పెట్టె దీపాలు వెలిగి ఆరి, మళ్లీ మొదటి నుంచి లేస్తూ ఉంటే ముందు అనుమానించవలసింది దీన్నే. కాబట్టి పెట్టె పని చేస్తుండగానే కొలవాలి. అరువు అడాప్టరు పెట్టి చూసేటప్పుడు వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే గాని ఎక్కువ గాని ఉండాలి, లోపలి మొన ధనమా ఋణమా అన్నది బొమ్మలో చూసి కలవాలి. గుంటల దగ్గర మోటార్లు, ఏరియేటర్లు వేసినప్పుడు మొదటి క్షణంలో మామూలుకంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. ఆ క్షణంలోనే నెట్ పోతున్నదంటే పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టుకోవడం మేలు.

సముద్రం పక్కన ఉన్నందుకు మాకు మరొక చిక్కుంది. రామతీర్థం వైపు నుంచి వచ్చే ఉప్పుగాలి తగిలి లాన్ తీగ పిన్నుల్లో పచ్చని చిలుం పడుతుంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆ తీగలో నాలుగు జతలుంటాయి. సెకనుకు 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు. 1000 మెగాబిట్లకు నాలుగూ కావాలి. కాబట్టి ఆ రెండూ కాక మిగతా జతల్లో ఒకటి చిలుంతో చచ్చినా సాధారణంగా నెట్ ఆగదు, నూటికి దిగి అక్కడే కూర్చుంటుంది. "మూడువందల ప్లాను తీసుకున్నా తొంభై అయిదు దాటడంలేదు, కంపెనీవాళ్లు మోసం" అనేవారు ముందు ఆ తీగ మార్చి చూడాలి. ఈ తీగకు 100 మీటర్లు హద్దు. ఇంటి నుంచి గుంట కాడి షెడ్డు దాకా రాగి తీగ లాగితే దూరమూ చాలదు, పిడుగుల కాలంలో ప్రేరిత విద్యుత్తు రెండు వైపుల పెట్టెలనూ కాల్చగలదు. అక్కడికి లోహం లేని గాజుతీగ గాని, ఎదురెదురు యాంటెన్నాలు గాని వాడాలి.

దీపాలన్నీ బాగున్నాయి, అయినా నెట్ లేదు. ఇప్పుడు పింగ్ అనే ఆజ్ఞ. దీన్ని 1983లో మైక్ మూస్ అనే అమెరికన్ రాశాడు. జలాంతర్గాముల సోనార్ చప్పుడు మీద పేరు పెట్టాడు. "ఉన్నావా?" అని చిన్న పలకరింపు పంపి, బదులు ఎన్ని మిల్లీసెకండ్లకు వచ్చిందో చెప్పడమే దీని పని. కంప్యూటరులో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని రాసి, ఖాళీ వదిలి, చిరునామా రాయాలి. మొదట 192.168.1.1, అంటే మన పెట్టె. అది పలకకపోతే లోపం మనకూ పెట్టెకూ మధ్యనే. పలికితే 8.8.8.8, ఇది గూగుల్ వారి యంత్రం. అదీ పలికితే దారి మొత్తం బాగున్నట్టే. అప్పుడు మన యూనివర్సిటీ వెబ్‌సైటు పేరే రాసి చూడాలి. అంకెలకు పలికి పేరుకు పలకలేదంటే డీఎన్‌ఎస్ లోపం. పేరు చెబితే అంకెల చిరునామా వెతికి ఇచ్చే ఈ ఏర్పాటును 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు. ఒకవిధంగా లోకానికంతా కలిపి ఒక టెలిఫోను డైరెక్టరీ. కంప్యూటరు అమరికల్లో డీఎన్‌ఎస్ అన్నచోట 8.8.8.8 అనో 1.1.1.1 అనో పెడితే చాలావరకు తీరిపోతుంది.

కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైతే దానికి పెట్టె నుంచి చిరునామా అందలేదని, దిక్కులేక తనకు తానే ఒకటి పెట్టుకున్నదని అర్థం. తీగ గాని వైఫై గాని ఒకసారి తీసి పెడితే ఎక్కువసార్లు కుదురుకుంటుంది. కుదరకపోతే ఇంట్లో రెండో రూటరు ఉన్నదేమో చూడాలి. మిద్దె మీదికి వైఫై రావడంలేదని పాత రూటరు ఒకటి తెచ్చి తగిలిస్తారు. రెండు పెట్టెలూ 192.168.1.1 నేనంటే నేననీ, రెండూ చిరునామాలు పంచుతామనీ పోటీపడతాయి. ఊరికి ఇద్దరు కరణాలుంటే పట్టాలు ఎట్లా ఉంటాయో అట్లా ఉంటుంది పరిస్థితి. రెండోదాని అంకెను 192.168.1.2గా మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, దాని లాన్ రంధ్రాన్ని మొదటిదాని లాన్ రంధ్రానికి కలిపితే తగవు తీరుతుంది.

పింగ్ అన్నిటికీ పలుకుతున్నా ఏ సైటూ తెరుచుకోక, "సురక్షితం కాదు" అన్న హెచ్చరిక వస్తుంటే గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో నాణెమంత బ్యాటరీ చచ్చిపోతే తేదీ ఏనాటికో వెనక్కి పోతుంది. సైట్లు చూపించే ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. కంప్యూటరు దృష్టిలో అవి ఇంకా పుట్టనే లేదు. కొత్త బ్యాటరీకి యాభై రూపాయలు దాటదు.

వైఫై ఫిర్యాదులే అన్నిటికంటే ఎక్కువ, వాటికి జవాబే అన్నిటికంటే చిన్నది. పెట్టె పక్కన నిలబడి, వీలైతే తీగతో, వేగం చూడండి. అక్కడ బాగుండి పడమటింట్లో లేదంటే కంపెనీవారికి ఫోను చేయనక్కరలేదు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జ్ ది సుమారు 6. మొదటిది గోడలను కాస్త బాగా దాటుతుంది, రెండోది వేగమిస్తుంది. ఇనుప బీరువా, కమ్మీలతో నిండిన శ్లాబు, నీళ్ల ట్యాంకు రెంటికీ శత్రువులే. టీవీ వెనక నేల మీద పడేసిన పెట్టెను నడవలో ఎత్తున పెట్టడం పైసా ఖర్చులేని వైద్యం. మా ఇంట్లో దేవుడి పటాల గూటి పక్కన పెట్టాము, మా అమ్మ రోజూ దాని మీద దుమ్ము కూడా తుడుస్తుంది. ఇరుగుపొరుగు పెట్టెలన్నీ 2.4లో ఒకే ఛానెల్ మీద ఉంటే సాయంత్రాలు నత్తనడకే. 1, 6, 11 ఒకదానిమీద ఒకటి పడవు గనుక వాటిలో ఖాళీగా ఉన్నదానికి మారాలి. ఫోనులో వేగం చూసేటప్పుడు బిట్లు, బైట్లు కలపకండి: 100 మెగాబిట్లంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లే.

ఇంత చూశాక లోపం బయటిదని తేలితే ఫిర్యాదు ఎట్లా చెప్పాలన్నది మిగులుతుంది. "ఉదయం ఆరున్నర నుంచి లాస్ ఎర్రగా ఉంది, అడాప్టరు 12 వోల్టులు సరిగా ఉంది, ఇంట్లో తీగ వంపు లేదు, పక్కింటివారికి నెట్ వస్తున్నది" అని చెప్పండి. పక్కింటి మాట ముఖ్యం. వారికీ లేకపోతే లోపం స్ప్లిట్టరుకు పైన. వారికుండి మనకు లేకపోతే స్తంభం నుంచి మన ఇంటి దాకా. ఆ సంగతి ముందే తెలిస్తే లైన్‌మన్ అతుకు మిషను వెంట తెచ్చుకుంటాడు. లేకపోతే ఒకసారి చూసిపోవడానికి, మరొకసారి మిషనుతో రావడానికి రెండు రోజులు. 2021 నవంబరు పెన్న వరద వంటి సమయాల్లో ఎన్నో ఊళ్ల ఫిర్యాదులు ఒకేసారి పడతాయి గనుక వివరంగా చెప్పినవారి పని కొంత త్వరగా తేలే వీలుంటుంది. ఫిర్యాదు నంబరు, చెప్పిన సమయం రాసిపెట్టుకోవాలి.

ఒక హెచ్చరిక ఉంది. పెట్టె వెనుక గుండుసూది దూరేంత రంధ్రం ఉంటుంది, రీసెట్ అని. పెట్టెను ఆపి రెండు నిమిషాలకు వేయడం వేరు, ఈ రంధ్రంలో సూది గుచ్చడం వేరు. సూది గుచ్చితే కంపెనీవారు పెట్టిన వాడుకరి పేరు, పాస్‌వర్డుతో సహా అమరికలన్నీ చెరిగిపోవచ్చు. అప్పటిదాకా ఉన్న చిన్న లోపానికి ఇది అదనం. ఆ పేరు, పాస్‌వర్డు అడిగి తెలుసుకొని, పైన చెప్పిన వెలుగు సంఖ్యతో పాటు ఒక కాగితం మీద రాసి పెట్టె అడుగున అంటించండి. మా ఊళ్లో నేను చూసిన ఇళ్లలో అట్లా అంటించి ఉన్నవి ఇప్పటికి నాలుగు.